మంగళవారం పువ్వులు

బొమ్మల గది, రెండో అంతస్తు
సోమవారం

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్లో మాట్లాడుకోవడం మన వల్ల కావడం లేదు. మొన్న నువ్వు చేసినప్పుడు పదకొండు నిమిషాలు లైన్లో ఉన్నాం. నువ్వు రెండుసార్లు "ఊ" అన్నావు, నేను మూడుసార్లు "సరే" అన్నాను. మిగతాదంతా ఊపిరే. అందుకని రాస్తున్నాను.

కొంగ పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆ పేరు పెట్టింది నువ్వే. అది మొదటిసారి మొక్కల లెక్కకి మీ చిత్తడిలో దిగి, ఒంటికాలి మీద నిలబడి బూటులోంచి నీళ్ళు వంచుకుంటుంటే గేటు మీంచి చూసి అరిచావట, "ఓ కొంగా, చేపలు పడ్డాయా?" అని. ఇంటికొచ్చి అది నాకు చెప్పి ఒకటే నవ్వు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఉన్నాం కదా, ఆ తర్వాత దాని అసలు పేరుతో పిలిచిన గుర్తే లేదు నాకు.

గది ఎలా ఉందంటే అలాగే ఉంది. దాని టూత్‌బ్రష్ తడి ఆరింది. అంతకంటే చెప్పడానికేం లేదు. ఏడుపు రావడం లేదు. రావాలి కదా అని అద్దం ముందు నిలబడి కూడా చూశాను. జుట్టు దువ్వుకుని వచ్చేశాను.

పని ఆగలేదు. మొక్కల పుస్తకంలో తడిచుక్క బొమ్మ ఒక్కటే మిగిలింది. మొక్క వేశాను, వేరు వేశాను, కాయ చీల్చి వేశాను. విచ్చిన పువ్వు దగ్గర మాత్రం ఖాళీ. మా మ్యూజియం భండారంలో ఎండబెట్టిన మొక్కలు నలభై ఉన్నాయి కానీ ఎండితే దాని నీలం రంగు టీ మరకలా అయిపోతుంది. పచ్చి పువ్వు కావాలి. నీళ్ళు దిగాక మళ్ళీ ఎక్కడైనా మొలిస్తే పంపగలవా? పొద్దున తొమ్మిది తర్వాత కొయ్యాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. రేకుల డబ్బాలో తడిదూది పరిచి, పువ్వుల్ని దాని మీద పెట్టి, పైన మళ్ళీ తడిదూది, అలాగైతే ఇక్కడ డబ్బా తెరిచాక వెలుతురుకి మళ్ళీ విచ్చుకుంటాయి. గట్టిగా నొక్కకూడదు.

పేపర్లో చదివాను, నీళ్ళొదలడానికి గేట్లెత్తే ముందు నువ్వు తొమ్మిది నలభైకి సైరన్ మోగించావని, గేటు పుస్తకంలో కూడా అలాగే రాసుందని. నీ పని నువ్వు చేశావు. మనసులో ఏమీ పెట్టుకోకు. వేళకి తిను.

— అక్క

*

గేటు గది
శుక్రవారం

అక్కా,

ఉత్తరం అందింది.

చిత్తడిలో ఇంకా మోకాలు లోతు నీళ్ళున్నాయి. తడిచుక్కలన్నీ అడుగునే ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. నీళ్ళు దిగడానికి నెల పట్టొచ్చు. తర్వాత మొలుస్తాయో లేదో నాకు తెలీదు. అవన్నీ కొంగకే తెలుసు.

తింటున్నాను. డ్యూటీకి వెళ్తున్నాను. ఇంజనీరు గారు వారం సెలవిస్తానన్నారు, వద్దన్నాను. గదిలో కూర్చుని చేసేదేముంది.

నిన్నొకటి అడగాలి. కొంగ వచ్చేది గురువారం కదా. నాలుగేళ్ళ నుంచీ గురువారమే. పొద్దున ఏడింటి బస్సు దిగడం, నా దగ్గర టీ తాగడం, చిత్తడిలోకి దిగడం, మొక్కలు లెక్కపెట్టడం. గురువారం నేను గేటు ముట్టుకోను. పైనుంచి ఎవరు చెప్పినా సాయంత్రం దాకా ఆపుతాను. ఆ వారం మంగళవారం ఎందుకొచ్చింది? అదీ నా గదికి రాకుండా అటు దొడ్డిదారిన దిగింది. నీకేమైనా చెప్పిందా?

— తమ్ముడు

*

బొమ్మల గది
బుధవారం

చిన్నోడా,

ఎందుకొచ్చిందో ఎవరికి తెలుస్తుంది. పని పిచ్చిది. ఆ వారం గురువారం వేరే మీటింగు ఏదో ఉందనుకుంటా. ఇప్పుడది తెలుసుకుని ఏం చేస్తాం.

నిన్న కొంగ వాళ్ళ నాన్నగారు వచ్చారు సామాను తీసుకెళ్ళడానికి. నువ్వు చూడలేదు కదా ఆయన్ని. టైలరు. పొట్టి మనిషి, మెడలో టేపు వేసుకునే వచ్చారు, తీయడం మర్చిపోయినట్టున్నారు. కొంగ చొక్కాలన్నీ మడతపెడుతూ ఒక చొక్కాకి గుండీ ఊడి ఉంటే జేబులోంచి సూదీదారం తీసి అక్కడే కుట్టేశారు. కుట్టాక చేతులు ఆగిపోయాయి. ఎవరికోసం కుట్టానా అనుకున్నారేమో. నేను మంచినీళ్ళిచ్చాను. ఆయన తాగారు.

బొమ్మ గురించి మా సంపాదకుడు అడిగాడు. తొందరేం లేదండీ, ప్రెస్సువాళ్ళు ఎలాగూ రెండు నెలలు ఆగుతారు అన్నాడు. అప్పట్లో బుధవారానికల్లా అందకపోతే ఆ పేజీ తీసేస్తానని బెదిరించింది ఈ మనిషే. ఇప్పుడు తొందరేం లేదట.

నీళ్ళు ఎంత దిగాయో రాయి.

— అక్క

*

గేటు గది
గురువారం

అక్కా,

నీళ్ళు దిగాయి. మునిగినవన్నీ కుళ్ళి నల్లటి జిగటయ్యాయి. వాసన కట్ట మీదకి కూడా వస్తోంది. వాటి పని అయిపోయిందనుకున్నాను. కానీ తొమ్మిదో రోజున మేట చివర పచ్చటి పొడి చల్లినట్టు కనబడింది. నాచేమో అనుకుని వేలితో తీసి చూస్తే ఒక్కొక్క దానికీ రెండేసి ఆకులు. ఆవగింజలో సగం. కొంగ చెప్పేది గుర్తుందా, ఇది ఒక్క సీజను మొక్కే కానీ దీని విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి పడుకుంటాయి, నీళ్ళు దిగి వెలుతురు తగిలితే లేస్తాయి అని. నేను నమ్మేవాణ్ణి కాదు. "మీ మ్యూజియం వాళ్ళు జీతం కోసం ఏదైనా చెప్తారు" అనేవాణ్ణి.

తన చట్రం నా గదిలోనే ఉండేది, నేల మీద పెట్టి లోపలి మొక్కలు లెక్కపెట్టే ఆ అడుగు చదరం చెక్కది. గురువారాలు దాన్ని తీసుకుని నేనే దిగుతున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. మొదటి వారం చట్రానికి రెండు వందల పది, తర్వాత నూట డెబ్భై. ఎండకి కొన్ని పోతున్నాయి. సరిగ్గా ఎలా లెక్కపెట్టాలో తెలీదు, ఒకే మొక్కని రెండుసార్లు లెక్కపెడుతున్నానేమో. పుస్తకంలో రాసి పెట్టాను.

విచారణ వచ్చే నెలలో. నన్ను, నా తర్వాతి షిఫ్టు చేసే నా జంటని, ఇంజనీరు గారిని పిలుస్తారు. జంట అంటున్నాడు, "గాభరా పడకు, పుస్తకంలో రాసుంది కదా, అదే చెప్దాం" అని. అవును, పుస్తకంలో రాసుంది.

మొదటి పువ్వులు నిన్న విచ్చాయి. ఈ ఉత్తరంతో డబ్బా పంపిస్తున్నాను. పద్నాలుగు ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే తడిదూది పెట్టాను.

— తమ్ముడు

*

బొమ్మల గది
ఆదివారం

చిన్నోడా,

పద్నాలుగింట్లో తొమ్మిది బాగున్నాయి. వెంటనే కూర్చుని నాలుగు గంటలు లేవలేదు. భూతద్దం కింద పెడితే పువ్వు లోపల రెండు కేసరాలు ఒకదానికొకటి తల ఆనించుకుని ఉంటాయి. కొంగ దాన్ని చూసి "క్యూలో నిలబడి నిద్రపోతున్న ఇద్దరు గుమాస్తాలు" అనేది. వేశాను. నీలం సరిగ్గా కుదిరింది. ఆ మధ్యాహ్నం నాకు బాగానే ఉంది, అది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

టైలర్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇంటికి కాదు, ఆఫీసుకి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "అమ్మా, మీరు తనతో తొమ్మిదేళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నాను, మా అమ్మాయికి చెవులు బాగానే వినబడేవా?" అన్నారు.

"వినబడేవండీ, పక్కగదిలో గుసగుస కూడా వినేది" అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను. అయినా చిన్నప్పుడు చెవి చూసిన డాక్టరు దగ్గరకి వెళ్ళాను. ఆయన పాత కాగితాలు తీసి ఏ లోపమూ లేదన్నాడు. మరి సైరన్ మూడుసార్లు మోగింది, పావుగంట ఆగారు, ఆ తర్వాతే నీళ్ళొదిలారు అంటున్నారు. కట్టెక్కడానికి ఐదు నిమిషాలు చాలట. నేను అడిగి తెలుసుకున్నాను. మరి ఎందుకెక్కలేదు?"

నేను కుర్చీ మళ్ళీ ఆయన దగ్గరకి జరిపాను.

"వినబడి కూడా నిలబడిందంటే..." అని ఆగిపోయారు. గొంతు తగ్గించి, "తనకి బతకాలని లేదా అమ్మా? మీతో ఏమైనా అందా? మా ఆవిడ ఇదే పట్టుకుని కూర్చుంది. మనం ఏం తక్కువ చేశామండీ అంటుంది. నేను చెప్పలేకపోతున్నాను" అన్నారు.

అదేం కాదండీ, చాలా సంతోషంగా ఉండేదండీ అన్నాను. ఆయన తలూపారు. నమ్మలేదు. ఎలా నమ్ముతారు, నేను చెప్పేది ఒకటి, గేటు పుస్తకం చెప్పేది ఒకటి.

కొంగ ఆ రకం మనిషి కాదు. నీకూ తెలుసు. మరి సైరన్ మోగితే ఎందుకు ఎక్కలేదు? నువ్వు అక్కడే ఉన్నావు. నాకు చెప్పు.

— అక్క

*

గేటు గది
శనివారం

అక్కా,

మోగలేదు. నేను మోగించలేదు.

నీకు మొదటినుంచీ చెప్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

ఆ రోజు తొమ్మిదిన్నరకి పైనుంచి ఫోనొచ్చింది. ఎగువన వాన పడింది, పై చెరువులో నీళ్ళు గుర్తు దాటుతున్నాయి, రెండు గేట్లు రెండడుగులు ఎత్తమన్నారు. పద్ధతి ఏంటంటే ముందు సైరన్ మోగించాలి, మూడుసార్లు. పావుగంట ఆగాలి. కట్ట మీద నడిచి చూడాలి. అప్పుడు ఎత్తాలి. సైరన్ స్విచ్చి కట్టకి అటు చివర షెడ్డులో ఉంది. రెండు వందల అడుగులు. తుంపర పడుతోంది. తాళంచెవి నా ఎదురుగానే మేకుకి వేలాడుతోంది.

మంగళవారం ఎవరూ ఉండరు కదా అనుకున్నాను. అంతే అక్కా. బద్ధకం. ఇంకో మాట లేదు. ఇలా ఇంతకుముందు కూడా చాలాసార్లు చేశాను. గురువారం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. గురువారం ఒక మనిషి ఉందని తెలుసు కాబట్టి.

గేట్లెత్తాను. నీళ్ళు పాత కాలువ వెంట వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. బాగుంటుంది అలా చూడటం. అప్పుడు పసుపురంగు టోపీ కనబడింది. కాలువ దాటుతోంది, మధ్యలో ఉంది. నీళ్ళ చప్పుడుకి తలెత్తి గేటు వైపు చూసింది. నన్ను చూసింది. చెయ్యెత్తింది. పిలిచిందో, ఆపమందో నాకు తెలీదు. నేను గేటు దించడానికి చక్రం పట్టుకున్నాను. దించడానికి పట్టేది నాలుగు నిమిషాలు. ఆ తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు, నీళ్ళు నిండితే ఒక్కొక్కటీ ఒక మనిషి బరువు.

పదకొండున్నరకి చేపలవాళ్ళతో పాటు నేనే తీశాను.

షిఫ్టు మారినప్పుడు జంట వచ్చాడు. నేను గోడకానుకుని కూర్చుని ఉన్నాను. పుస్తకం తీసి "సైరన్ తొమ్మిది నలభై" అని వాడే రాశాడు. "నీ మంచికే రాశాను, పోయిన మనిషి ఎలాగూ రాదు" అన్నాడు. నేను వద్దనలేదు. పోలీసులు చేపలవాళ్ళని అడిగితే, "మోగే ఉంటుందండీ, రోజూ మోగేదేగా" అన్నారు. అది నిజమైపోయింది.

నువ్వు మొదటి ఉత్తరంలో నీ పని నువ్వు చేశావని రాశావు. ఆ మాట చదివి మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. నాకేమీ అనిపించలేదు. భయం కూడా లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడు, అలా.

కానీ వాళ్ళ నాన్నగారు చెవి డాక్టరు దగ్గరకి వెళ్ళారని రాశావు. అది చదివాక ఇంక కుదరలేదు.

— తమ్ముడు

*

బొమ్మల గది
తారీకు వెయ్యడం లేదు

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. డ్రాయరులో పెట్టాను. రోజూ వచ్చి డ్రాయరు తీసి పెన్సిళ్ళు తీసుకుంటున్నాను, ఉత్తరం పక్కకి జరిపి.

నిన్ను తిట్టాలనుకున్నాను. నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, ఆ హక్కు నాకుంది. రెండు వందల అడుగులు నడవలేకపోయావా అని రాశాను. కొట్టేశాను. ఎందుకంటే నేను ఆ మాట అనగలిగే దాన్ని కాదు.

మంగళవారం దాన్ని పంపింది నేనే.

గురువారం వెళ్తే పువ్వులు శుక్రవారం అందుతాయి. నాకు బుధవారం గడువు. సోమవారం సాయంత్రం అన్నం తింటూ అడిగాను. "ఎల్లుండి వెళ్తానే, రేపు వద్దు, నాకు ఒళ్ళు బాగాలేదు" అంది. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. నేను ఊరుకోలేదు. "ఎల్లుండి బుధవారం, మధ్యాహ్నం లోపల ఎలా వేస్తాను? నీ మొక్కే కదా, పేజీ పోతే నీకే కదా నష్టం" అన్నాను. "సరే తల్లీ, నీ పోరు పడలేను" అంది. పొద్దున నేను లేచేసరికి వెళ్ళిపోయింది. గోడ మీద పలక ఉంటుంది మాది, పాలు, గ్యాసు రాసుకోవడానికి. దాని మీద రాసి వెళ్ళింది, "మంగళవారం. నీ పువ్వుల కోసం. వంకాయలు కోసి పెట్టాను, మాడ్చకు."

పోలీసులు గది చూడటానికి రాకముందే పలక తుడిచేశాను. తడిగుడ్డతో. తర్వాత పొడిగుడ్డతో.

నువ్వు అడిగినప్పుడు మీటింగు ఉందని రాశాను. ఏ మీటింగూ లేదు.

ఇంత రాశాక ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. కిటికీ అవతల ఎవరో దుప్పటి దులుపుతున్నారు.

— అక్క

*

గేటు గది
మంగళవారం

అక్కా,

నాకు తెలుసు.

కొంగ పోయిన మర్నాడు కాలువ ఒడ్డున బురదలో రేకుల డబ్బా దొరికింది. మూత గట్టిగా పెట్టి ఉంది. లోపల తడిదూది, పదకొండు తడిచుక్కలు, అన్నీ ముడుచుకుని. గురువారాలు తను పుస్తకం, చట్రం తప్ప ఏమీ తీసుకెళ్ళేది కాదు. ఈ డబ్బా ఎందుకా అని తల బద్దలుకొట్టుకున్నాను. ఇంతలో నీ మొదటి ఉత్తరం వచ్చింది, డబ్బా, దూది, గట్టిగా నొక్కకూడదు అంటూ. పువ్వుల కోసమే వచ్చిందని, తొందరలో దొడ్డిదారిన దిగిందని అప్పుడే అర్థమైంది. అయినా మంగళవారం ఎందుకొచ్చిందని నిన్ను అడిగాను. నువ్వు చెప్తావేమో చూద్దామని. నువ్వు చెప్తే నేనూ చెప్దామని. నువ్వు చెప్పలేదు, నాకు అదొక సాకు దొరికింది. ఇద్దరం ఒకే అమ్మ పిల్లలం కదా.

నిన్ను తప్పుపట్టడం లేదు. పువ్వులు అడగడం తప్పు కాదు. మంగళవారం వెళ్ళడమూ తప్పు కాదు. సైరన్ మోగి ఉంటే ఆ రోజు నీ పేజీ పూర్తయ్యేది, వంకాయలు మాడ్చినందుకు దాని చేత తిట్లు తినేదానివి. అంతే.

విచారణ నిన్న అయింది. పొడుగు బల్ల, ముగ్గురు పెద్దమనుషులు, ఫ్యాను చప్పుడు. ముందు జంటని పిలిచారు, పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. తర్వాత నన్ను. "సైరన్ ఎన్ని గంటలకు మోగించారు?" అన్నారు. "మోగించలేదండీ" అన్నాను. మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి, "ప్రశ్న సరిగా విన్నారా?" అన్నాడు. "విన్నానండీ. మోగించలేదండీ. గేట్లు ఎత్తాక చూశానండీ" అన్నాను. జంట నా వైపు చూడలేదు. వాడికిద్దరు పిల్లలు. పుస్తకంలో రాసింది తనేనని చెప్పొద్దని బయట కాళ్ళమీద పడినంత పని చేశాడు. ఎవరు రాశారని అడిగారు. నేను చూస్తుండగానే రాశారు, నేను ఆపలేదు, పేరు చెప్పను అన్నాను. అది చేతిరాత చూసినా తెలుస్తుంది. తెలుసుకోనీ.

ఉద్యోగం పోయింది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. కేసు కూడా పెడతారట.

కానీ కాగితాలు వాళ్ళ ఇంటికి చేరడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా వాళ్ళమ్మ, మనం ఏం తక్కువ చేశామండీ అనుకుంటూనే ఉంటుంది. నువ్వు అదే ఊళ్ళో ఉన్నావు. నా సంగతి నువ్వు వెళ్ళి చెప్పగలవా? నీ సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

— తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల
శనివారం

చిన్నోడా,

వెళ్ళాను. రెండూ చెప్పాను.

దుకాణం చాలా చిన్నది, ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకి వేలాడుతున్న సగం కుట్టిన కోట్లు. ఆయన నన్ను చూసి లేవబోయారు. "కూర్చోండి, నేను నిలబడే చెప్తాను" అన్నాను. చెప్తున్నంత సేపూ ఆయన మిషను తొక్కుతూనే ఉన్నారు. చేతిలో ప్యాంటు కాలు. నేను చెప్పడం అయిపోయేసరికి గుడ్డ అంచు దాటిపోయి సూది ఉత్త దారం మీదే కుడుతోంది. చూసుకోలేదు.

మిషను ఆపి, "మంగళవారం మీరు పంపించారా?" అన్నారు.

"అవునండీ. ఒంట్లో బాగాలేదన్నా పంపించాను."

"మీ తమ్ముడు మోగించలేదా?"

"లేదండీ."

"నీళ్ళు రావడం చూసి, చెయ్యెత్తిందా?"

"ఎత్తిందటండీ."

"అయితే బతకాలనే ఉందన్నమాట" అన్నారు. ఆ మాట నాతో అనలేదు, లోపలి గది వైపు తిరిగి గట్టిగా అన్నారు. "విన్నావా? మనమ్మాయికి బతకాలనే ఉందట. వాళ్ళే సైరన్ మోగించలేదట." లోపల ఎవరో కూలబడిన చప్పుడైంది. అప్పటిదాకా ఆవిడ అక్కడే తలుపు వెనక నిలబడి ఉందని నాకు తెలీదు.

ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక నా మొహం వైపు చూడకుండా, "ఇంక మీరు మా దుకాణానికి రాకండి. మా ఇంటికీ రాకండి. తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, కానీ చూడలేను" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "ఆ స్థలం ఎక్కడో చెప్పి వెళ్ళండి" అన్నారు. కాగితం మీద బస్సు నంబరు రాసిచ్చాను. ఎప్పుడు వస్తారో చెప్పలేదు. వస్తే నువ్వు ఉండాలి. తప్పుకోకు.

— అక్క

*

గేటు గది
గురువారం

అక్కా,

నిన్న వచ్చారు. నేను సామాను కట్టుకుంటున్నాను. తలుపు దగ్గర నిలబడి, "గేటతను మీరేనా?" అన్నారు. అవునన్నాను. నమస్కారం పెట్టబోయాను, చేతులు సగంలో ఆగిపోయాయి. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"ఎక్కడో చూపించండి" అన్నారు.

దిగాం. చెప్పులు కట్ట మీదే విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నా వెనకే నడిచారు. తడిచుక్కలన్నీ అయిపోయాయి. ఒక్కటీ పచ్చగా లేదు. గోధుమరంగు పుల్లలు, నేల నెర్రెలిచ్చి ఉంది. "ఏదీ ఆ పువ్వు?" అన్నారు. "అయిపోయిందండీ, దీని బతుకు మూడు నెలలే, ఇప్పుడన్నీ కాయలే" అన్నాను. వంగి ఒక పుల్ల పీకి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, సూదిలో దారం ఎక్కించేటప్పటిలా కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. నేను ఒక కాయ నలిపి ఆయన అరచేతిలో వేశాను. బూడిదలా ఉంటుంది విత్తనం. 

"దీనివల్ల ఉపయోగం ఏమిటి?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఏదో మందుకి పనికొస్తుందని. "నాకు తెలిసి ఏమీ లేదండీ. తనకి ఇష్టం" అన్నాను.

ఆయన చేతిని చాలాసేపు అలాగే చాపి ఉంచారు. తర్వాత వంగి విత్తనాల్ని నేల మీద రాశారు, గోడకి సుద్ద రాసినట్టు. "తను ఎక్కడ నిలబడింది?" అన్నారు. ఇంకా బురద ఆరని కాలువ మధ్యకి తీసుకెళ్ళి చూపించాను. అక్కడ నిలబడి గేటు వైపు చూశారు.

"మీరు వెళ్ళి ఆ సైరన్ మోగించండి" అన్నారు.

"ఇప్పుడు నాకు అధికారం లేదండీ."

"మోగించండి."

వెళ్ళాను. రెండు వందల పదహారు అడుగులు. తాళం తీసి స్విచ్చి వేశాను. మూడుసార్లు. షెడ్డు కిటికీలోంచి ఆయన కనబడుతున్నారు, చిన్నగా. మొదటిసారి మోగగానే ఉలిక్కిపడ్డారు. రెండోసారికి కదిలారు. మూడోసారి మోగుతుండగా కట్ట వైపు పరిగెత్తడం మొదలుపెట్టారు. అరవై దాటిన మనిషి, బురదలో జారుతూ, చేతులతో పాకుతూ కట్టెక్కి పైకొచ్చి వాచీ చూసుకున్నారు. నేను దగ్గరకి వెళ్ళేసరికి రొప్పుతున్నారు.

"నాలుగు నిమిషాలు" అన్నారు. "నాకే నాలుగు నిమిషాలు."

ఆయన పక్కన నిలబడ్డాను. చేపలవాళ్ళు, కొత్త ఆపరేటరు, అందరూ వచ్చారు సైరన్ ఎందుకు మోగిందని. ఎవరూ దగ్గరకి రాలేదు. కాళ్ళు కడుక్కోవడానికి బకెట్టుతో నీళ్ళు తెచ్చాను. కడుక్కున్నారు. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు, తన జేబురుమాలుతోనే తుడుచుకుని చెప్పులేసుకుని బస్సెక్కారు.

బురదలో దొరికిన కొంగ రేకుల డబ్బా ఇచ్చాను ఆయనకి. అది మాత్రం తీసుకున్నారు.

ఎల్లుండి గది తాళం అప్పగిస్తాను. కేసు తేలేదాకా ఊళ్ళు తిరగకూడదట. ఇక్కడే పడవలకి తారు పూసే పని దొరికింది.

— తమ్ముడు

*

ఇల్లు
ఆదివారం

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందింది.

తడిచుక్క బొమ్మ ప్రెస్సుకి వెళ్ళింది. కింద నా సంతకం ఉండే చోట కొంగ అసలు పేరు రాయించాను. ఒప్పుకోరేమో అనుకున్నాను, సంపాదకుడు ఏమీ అనకుండా సంతకం పెట్టేశాడు.

వచ్చే ఏడు లెక్కకి ఎవరు దిగుతారని మ్యూజియంలో అడిగారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను చెయ్యెత్తాను. నాకు బురదంటే ఎంత అసహ్యమో నీకు తెలుసు, కాస్త ఎదిగాక వానలో నన్ను నువ్వే ఎత్తుకుని బురద దాటించేవాడివి, తమ్ముడివై ఉండి. మా మ్యూజియం పెద్దాయన, "ఈత వచ్చా?" అన్నాడు. రాదన్నాను. ఈత వస్తేనే పంపుతానన్నాడు.

అందుకని పదిరోజులుగా ఈత నేర్చుకుంటున్నాను. పొద్దున ఆరింటికి ఆడవాళ్ళ వేళ. అంతా ఆరేడేళ్ళ పిల్లలు, మధ్యలో నలభై నాలుగేళ్ళ నేను, నీలం టోపీ పెట్టుకుని. పిల్లలు నా చుట్టూ కప్పల్లా గెంతుతారు. ఒకతి, "ఆంటీ, భయపడకు, ముక్కు మూసుకో" అని నాకు పాఠం చెప్తోంది. కాళ్ళు ఆడించడం వచ్చింది. తల ముంచడం మాత్రం రాలేదు. కోచ్ అరుస్తూనే ఉంది, ముంచండి మేడమ్, ముంచండి అని. మొన్నటిదాకా రోజూ గట్టు పట్టుకుని నిలబడ్డాను.

నిన్న ముంచాను. కళ్ళు తెరిచే ముంచాను. అంతా పచ్చగా, అడుగున పలకలు, పిల్లల కాళ్ళు. చప్పుడు లేదు. ఎంతసేపున్నానో తెలీదు. లేచాక గట్టు పట్టుకుని చాలాసేపు దగ్గాను, తర్వాత అది దగ్గు కాకుండా పోయింది. ఆపుదామంటే ఆగలేదు. మొహం అంతా నీళ్ళే కాబట్టి పిల్లలకి తెలియలేదు. కోచ్ మాత్రం వంగి, "నీళ్ళు మింగారా మేడమ్?" అంది.

మింగానన్నాను.

— అక్క